గట్టులో బొరియ

కొల్లేటి అంచున ఒక లంక ఊళ్లో, తన కంటికి వేడుకైనదాన్ని తప్ప మరిదేన్నీ పట్టించుకోని నాంచారయ్య అనే రైతు ఉండేవాడు.

ఆ ఊరి పొలాలకూ చిత్తడికీ మధ్య పొడవాటి మట్టిగట్టు ఉండేది. వానాకాలంలో ఇంటికొకరు వంతులవారీగా దాన్ని కాసేవారు. కాపలా మనిషి చెప్పులు విడిచి, పొలాల వైపు గట్టు కింది అంచు వెంట నడవాలి. నీరు ఊరుతుంటే కంటికి కనపడక ముందే అరికాలికి తెలుస్తుంది. అతడు చూశానన్నాక మరొకరు వెళ్లి చూడటమంటే ఆ ఊళ్లో అతణ్ణి అవమానించడమే.

నాంచారయ్య వంతు వచ్చినప్పుడు ఒక నీటికుక్కల జంట పిల్లలతో గట్టు పక్కన జమ్ములోకి చేరింది. అతడు నడక మానేశాడు. దోనె వేసుకుని చిత్తడిలోకి పోయి, పొద్దస్తమానం వాటినే చూసేవాడు. తల్లి చేపను కొరికి పిల్లల ముందు వదిలేది. అవి దాని వెంటపడి ఈత నేర్చుకునేవి.

ఒక సాయంత్రం అతని చెల్లెలి మొగుడు పేరయ్య గట్టు మీద నుంచి కేకేశాడు.

“ఏం బావా, గట్టు చూడమంటే చుట్టాలను చూస్తున్నావా?”

“వీటి ఈత చూడు బావా! నీ నడక కంటే నయం.”

“నా నడక సరేలే. కింది అంచు తొక్కావా? మా నారుమడి అక్కడే ఉంది.”

“తొక్కాను. బండలా ఉంది,” అన్నాడు నాంచారయ్య.

అది అబద్ధం. అతడు ఒక్కసారి కూడా అటు కాలు పెట్టలేదు. పేరయ్య నమ్మి ఇంటికి వెళ్లిపోయాడు.

కాసేపటికి తల్లి నీటికుక్క చేపను కరుచుకుని గట్టు పక్కన మునిగింది. ఎంతసేపటికీ తేలలేదు. ఎక్కడికి పోయిందో దిగి చూడాలని నాంచారయ్యకు తోచింది. అంతలో పిల్లలు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ ఆట మొదలుపెట్టాయి. అతడు దోనెలోనే ఉండిపోయాడు.

ఆ రాత్రి ముసురు పట్టింది. చిత్తడి నీరు పెరిగింది. నీటికుక్కలు గట్టులోకి తవ్వుకున్న బొరియ గుండా నీరు దారి చేసుకుంది. తెల్లవారేసరికి గట్టు తెగింది. ఊరంతా మట్టి బస్తాలతో పరుగెత్తి గండి పూడ్చారు. మిగతా పొలాలు దక్కాయి. చెల్లెలు తిరపతమ్మ నారుమడి దక్కలేదు. మళ్లీ నారు పోయడానికి అదను దాటిపోయింది. ఆ ఏడు ఆ ఇంటికి పంట లేదు.

నాంచారయ్య మోకాటి లోతు బురదలో నిలబడి, “అవి గట్టు తవ్వుతాయని నాకేం తెలుసమ్మా?” అన్నాడు.

తిరపతమ్మ ఏడవలేదు. “వాటి పిల్లల కోసం అవి తవ్వుకున్నాయి అన్నయ్యా. నువ్వు తొక్కానన్నావని నేను నా పిల్లలను పక్కలో వేసుకుని నిశ్చింతగా పడుకున్నాను,” అంది.

మరుసటి ఏడు వంతులు వేసేటప్పుడు ఊరిపెద్ద నాంచారయ్య ఇల్లు దాటేసి పక్కింటి పేరు చెప్పాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. నాంచారయ్య కూడా అడగలేదు.

కాపలాకు ఒప్పుకున్నవాడు తనకు ఇంపైనదాన్ని కాదు, తాను చూడవలసినదాన్ని చూడాలి. చూడకుండా చూశానన్న మాట, నమ్మినవాళ్ల నోటి దగ్గరి కూడు తీస్తుంది.