ఆ నదికి వంద పాయలెందుకు?

ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు, పిల్లలూ. మంచు దేశపు కథ. దగ్గరికి జరిగి కూర్చోండి.

ఒకప్పుడు ఉత్తరాన, ఏడాదిలో ఎనిమిది నెలలు గడ్డకట్టే చోట, ఒక పెద్ద నది ఉండేది. ఒకే పాయగా, తిన్నగా సముద్రంలోకి పోయేది. చలికాలం వస్తే మంచుగడ్డ కప్పుకుని పడుకునేది.

ఒక చలికాలం యెగోర్ అనే పటాలు గీసే ఆయన కుక్కలబండి మీద వచ్చాడు. ఎటు చూసినా తెలుపే. నేల ఏదో, నీరు ఏదో తెలియడం లేదు. కర్రతో మంచును టకటకా కొట్టాడు.

"నదమ్మా! ఈ కింద ఉన్నది నువ్వేనా?"

నదికి నిద్రమత్తు. కాదంటే ఇంకెన్ని ప్రశ్నలు వేస్తాడో! "ఆఁ, నేనే," అంది.

కాస్త దూరం పోయి మళ్ళీ టకటకా. "ఇక్కడ కూడానా?"

"ఆఁ, ఆఁ. పడుకోనీ నాయనా!"

వంద చోట్ల అడిగాడు. వంద చోట్లా ఊఁ కొట్టింది. ఆయన వంద నీలం గీతలు గీసి, "నదే చెప్పింది" అని పటం ఊరివాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

వేసవి వచ్చింది. అవతలి ఊళ్ళో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి. సినిల్గా అనే మంత్రసాని పడవెక్కింది. పటంలో అడ్డదారి కనిపిస్తే అటు తిప్పింది. కాసేపటికే నీళ్ళు అయిపోయాయి. మోకాలిలోతు బురద. పడవ ముందుకూ పోదు, వెనక్కీ రాదు.

"ఏమే నదీ!" అని అరిచింది సినిల్గా. "ఇక్కడున్నానని చెప్పావటగా! ఏదీ? అక్కడ తల్లీబిడ్డా ఏమైపోవాలే?"

నది తెలియక చెప్పినా బాగుండేది. తెలిసే చెప్పింది, తన నిద్ర కోసం. తలెత్తలేక అలలన్నీ అణిగిపోయాయి.

"గట్టిగా పట్టుకో అవ్వా," అంటూ ఒడ్డు తెంచుకుని బురదలోకి దూకింది. పడవను ఎత్తుకుని పరిగెత్తింది.

వెళ్ళేసరికి బిడ్డ పుట్టేసింది. ఏడవడం లేదు. సినిల్గా కాళ్ళు పట్టి పైకెత్తి, వీపు మీద ఒక్కటి చరిచింది. కేర్‌మంది.

అందరూ నవ్వారు. నది నవ్వలేదు. "ఇది ఒక్క చోటే. ఇంకెన్ని చోట్ల ఉన్నానన్నానో! అటు ఎవరు పడవేసుకొస్తారో!"

"పోనీలేవే. ఆ గీతలు చెరిపిస్తాలే," అంది సినిల్గా.

"గీతలు పోతాయి. నేనన్న మాట పోతుందా అవ్వా?"

అప్పటినుంచే ఆ నది సముద్రం దగ్గరికొచ్చేసరికి వంద పాయలుగా చీలిపోతుంది. ఒకచోట ఇసుక మేటవేస్తే పక్కనే ఇంకో దారి తవ్వుకుంటుంది. ఉన్నానన్న చోటల్లా ఉండాలని ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉంది.

ఈ కథ మీకంటే చిన్నవాళ్ళకు చెప్పండి. నదికి నిద్రమత్తని చెప్పండి. కానీ తెలిసే చెప్పిందన్న ముక్క మాత్రం దాటేయకండి.