ఐరేని కుండలూ, పదమూడో ఇల్లూ

అనగా అనగా, వినగా వినగా, సువర్ణగిరి అనే పట్టణం. ఆ పట్టణపు అంచున, మిట్ట కింద, నాంచారి అనే కుమ్మరి వనిత కాపురముండేది. ఆమె చేసిన కుండను వేలితో తడితే కంచు గంటలా ఖంగుమనేది. కాల్చే ముందు పచ్చికుండలను ముంగిట్లో తాటాకు పందిరి కింద మూడు రోజులు ఆరబెట్టేది. నీరు తగిలితే పచ్చికుండ మళ్ళీ మట్టిముద్దే కదా!

మిట్ట మీద నందగుప్తుడనే వర్తకుడు అమ్మకానికి పన్నెండు ఇళ్ళు కట్టించాడు. అంతటితో ఆశ తీరలేదు. వాననీటిని వాగులో కలిపే పాత బోదెను పూడ్పించి, దానిపైన పదమూడో ఇల్లు కూడా లేపాడు.

తొలకరి కురిసింది. పదమూడు ఇళ్ళ చూరునీళ్ళూ ఏకమై నాంచారి ముంగిట్లోకి దూకాయి. నలభై కుండలు కరిగిపోయాయి. ఆమె గబగబా మిట్ట ఎక్కింది.

"గుప్తగారూ, మీ ఇళ్ళ నీళ్ళు నా కుండలను మింగేశాయండీ!"

"వాన నేను కురిపించానటే? ఆ మొరేదో మేఘుడికే పెట్టుకో" అని వర్తకుడు నవ్వాడు.

రెండో వానకు అరవై కుండలు పోయాయి. ఇంట్లో గింజలు నిండుకున్నాయి. నాంచారి మళ్ళీ వెళ్ళింది.

"పల్లంలో కాపురం పెట్టమని నేను చెప్పానటే?" అన్నాడు వర్తకుడు.

"పల్లం మా తాతల నాటిదండీ. బోదె పూడింది మాత్రం మొన్ననే" అన్నది నాంచారి. ఆయన తలుపు వేసుకున్నాడు.

అంతలో వర్తకుడి కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి, మండపంలో పూజకు పెట్టే ఐరేని కుండలు కావాలి. ఆ దేశపు ఆచారం ప్రకారం అవి కుమ్మరి ముంగిట్లోనే ఆరాలి. పెళ్ళికూతురి తల్లి మేళంతో వచ్చి వాటికి పసుపు పూయాలి. ఆ తరువాతే వాటిని కాల్చాలి. ఆ కుండల పని నాంచారికే వచ్చింది.

"పిల్ల ఏం పాపం చేసింది?" అనుకుని నాంచారి మనసు పెట్టి కుండలు చేసింది. పసుపు పూసే నాటి తెల్లవారుజామునే మూడో వాన కురిసింది!

పొద్దెక్కాక వర్తకుడి భార్య సుభద్రమ్మ పట్టుచీరతో, మేళంతో దిగి వచ్చింది. వెనుకే వర్తకుడు. అందరూ మోకాటి లోతు బురదలో దిగబడ్డారు. డోలు నీళ్ళలో తేలింది.

"కుండలేవే నాంచారీ?" అన్నది సుభద్రమ్మ.

"తమరు నిలబడ్డది వాటిలోనేనమ్మా!"

మేళగాళ్ళు ఫక్కున నవ్వారు. సుభద్రమ్మ భర్త వైపు తిరిగింది. "వాన మీరు కురిపించలేదు, సరే. బోదె ఎవరు పూడ్చారండీ?"

వర్తకుడు నాంచారి వైపు చూశాడు. "పోనీ, మా వసారాలో ఆరబెట్టరాదటే?"

"కుమ్మరి ముంగిట ఆరని కుండ ఐరేని కుండ ఎలా అవుతుందండీ?" అన్నది నాంచారి.

"అయితే ఏం చేయమంటావు తల్లీ?" ఆయన గొంతు దిగివచ్చింది.

"నీళ్ళకు దారి ఇవ్వండి. నా ముంగిలి ఆరితే మీ పెళ్ళికుండలూ ఆరుతాయి."

ఆ పూటే పదమూడో ఇల్లు కూలింది. మొదటి గునపం పోటు సుభద్రమ్మదే! వర్తకుడు పంచె ఎగగట్టి, కూలీలతో పాటు తానూ బోదె తవ్వాడు. కరిగిన కుండలకు బదులుగా నాంచారి ఇంటికి ధాన్యపు బస్తాలు దింపించాడు.

కొత్త కుండలకు పసుపు పూసే నాడు వాన దంచికొట్టింది. నీళ్ళన్నీ గలగలమంటూ బోదె వెంట వాగుకు పరుగెత్తాయి. నాంచారి తాటాకు పందిరి కింద కుండలకు చుక్క తడి తగలలేదు. సుభద్రమ్మ పసుపు పూసి, ఆ చేతితోనే నాంచారి బుగ్గలకూ పులిమింది. మేళం మోగింది. ఆడవాళ్ళందరూ వానలోనే కోలాటమాడారు.

కాబట్టి పిల్లలూ, ఇల్లు కట్టే ప్రతివాడూ తన చూరునీరు పొరుగువారి గడప తొక్కకుండా ముందుగానే దారి చూపాలి; అది దయ కాదు, ధర్మం.