మూడు చుట్లు తిరిగి దిగిన గద్ద

ఊళ్లకు దూరంగా, జమ్ము దుబ్బుల మధ్య ఒక చిత్తడి చెరువు. నీళ్లలో నిలబడ్డ తుమ్మచెట్ల మీద నూటికి పైగా గూళ్లు. ఒకప్పుడు అక్కడ ఎవరికి తోచినట్టు వాళ్లు దిగేవాళ్లు. ఒక మంచు పొద్దున రెండు నీటికాకులు గాల్లో గుద్దుకుని రెక్కలు విరగ్గొట్టుకున్నాక, దిగడానికో పద్ధతి ఉండాలని పక్షులన్నీ తీర్మానించుకున్నాయి. అంతవరకు బాగానే ఉంది. ఆ పని ఎవరికి అప్పగించాలన్న దగ్గరే వాటి బుద్ధి గడ్డి తిన్నది. రోజంతా కదలకుండా కూర్చోగలడని, పట్టిన పట్టు వదలడని, పట్టాభి అనే ఉడుమును తెచ్చి చెరువు మధ్య ఎండు మొద్దు మీద కూర్చోబెట్టాయి. పట్టాభి పుట్టి బుద్ధెరిగాక జానెడు ఎత్తు ఎగిరినవాడు కాడు.

ఎగరకపోతేనేం, నిబంధనలు మాత్రం బ్రహ్మాండంగా పెట్టాడు. వచ్చినవాళ్లు పేరు, వచ్చిన దిక్కు, మోసే బరువు చెప్పాలి. ఎడమవైపుగా మూడు చుట్లు తిరగాలి. తాను తోక ఎత్తితేనే దిగాలి. ఒకరికి తోక ఎత్తాక చెట్ల మీదున్నవాళ్లు రెక్క కదపకూడదు. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా ముందు మొద్దు మీద దిగి తనకు కనబడాలి. వంతు కాకుండా మాట్లాడితే మళ్లీ మొదటినుంచి మూడు చుట్లు.

మంగతాయి అనే గూడబాతుకు ఈ చుట్లతోనే ప్రాణం విసిగిపోయింది. గూట్లో నాలుగు రోజుల పిల్లలు మూడున్నాయి. అందులో చిన్నది నిన్నటినుంచి మెడ నిలపడం లేదు. ఆ మధ్యాహ్నం ముక్కు కింది సంచిలో చేపలు నింపుకుని, ఆయాసపడుతూ చెరువు మీదికొచ్చింది.

“ఎవరది?” అన్నాడు పట్టాభి.

“నేనేనండీ, మంగతాయిని. పొద్దున్నేగా తమరి ముందునుంచి వెళ్లాను.”

“పొద్దున సంగతి పొద్దున్నే అయిపోయింది. పేరు, దిక్కు, బరువు.”

“గూడబాతు మంగతాయి. తూర్పు నుంచి. ఆరు చేపలు.” ఆ మాట అంటుండగానే సంచిలోంచి ఒకటి జారి నీళ్లలో పడింది.

“ఐదు,” అన్నాడు పట్టాభి. “తప్పు సమాచారం ఇచ్చావు. మూడు చుట్లు తిరిగొచ్చి మళ్లీ చెప్పు.”

మంగతాయికి ఒళ్లు మండిపోయింది. కానీ ఏం చేస్తుంది, తిరిగింది. పక్కనే చిట్టెయ్య అనే నీటికాకి నాలుక బయటపెట్టి తిరుగుతున్నాడు.

“అత్తా, నాకిది తొమ్మిదో చుట్టు. రెక్కలు పడిపోతున్నాయి.”

“ఆ మాటే ఆయనతో చెప్పలేకపోయావట్రా?”

“చెప్పాను. అలసిపోయినవాళ్లు చుట్లు తిరగక్కర్లేదట. కాకపోతే ముందు కిందికి దిగి, మొద్దు దగ్గరకొచ్చి చెప్పుకోవాలట.”

అంతలో ఉత్తరం నుంచి ఒక పెద్ద గద్ద వచ్చింది. నెల్లాళ్లుగా అది దూరంగా మోడుచెట్టు మీద కూర్చుని ఈ తతంగమంతా వింటూనే ఉంది. ఇదివరకు రెండుసార్లు మీదపడబోతే పక్షులన్నీ గుంపుగా లేచి పొడిచి తరిమాయి. ఈసారి మర్యాదగా వచ్చింది. ఎడమవైపుగా, తూచినట్టు మూడు చుట్లు తిరిగింది.

“పేరు గద్ద. దిక్కు ఉత్తరం. బరువు ఏమీ లేదు, ఖాళీ కాళ్లతో వచ్చాను. తుమ్మచెట్టు పైకొమ్మ మీద దిగడానికి తమరి అనుమతి కోరుతున్నాను.”

పట్టాభి కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకు ఒక్క పొల్లు పోకుండా చెప్పినవాడు దొరికాడు. “చూసి నేర్చుకోండి,” అన్నాడు పైకి చూస్తూ. తోక లేవబోయింది.

పైకొమ్మ మీదున్నది మంగతాయి గూడు. మంగతాయి కేక పెట్టింది.

“పట్టాభిగారూ, అది గద్దండీ! పిల్లల్ని ఎత్తుకుపోతుంది!”

“గద్దేనని అదే చెప్పిందిగా, అబద్ధమాడలేదే. నువ్వు వంతు కాకుండా మాట్లాడావు. మూడు చుట్లు.”

చెట్ల మీది పక్షులు బిక్కచచ్చి కూర్చున్నాయి. తోక లేస్తే ఒక్కటీ కదలదని మంగతాయికి తెలుసు. ఈయనకు ఆపద గురించి చెప్తే చెవికెక్కదు, నిబంధన గురించి చెప్తేనే ఎక్కుతుందని కూడా ఆ క్షణానే తెలిసొచ్చింది. గొంతు సవరించుకుని వినయం ఒలకబోసింది.

“తమరి నిబంధనే గుర్తు చేస్తున్నానండీ. ఈయన ఇక్కడ దిగడానికి కొత్త. కొత్తవాళ్లు ముందు ఎక్కడ దిగాలన్నారు తమరు?”

పట్టాభి నాలుక కరుచుకున్నాడు. “నిజమే సుమా. అయ్యా గద్దగారూ, తుమ్మచెట్టుకు వీల్లేదు. ముందు నా మొద్దు మీద దిగి కనబడాలి.”

గద్ద కిందికి చూసింది. చెట్టు మీద ఈకలైనా రాని మూడు పిల్లలు. మొద్దు మీద కూర్చుని కూర్చుని బలిసిన ఉడుము.

“తమరి మొద్దు మీదే దిగమంటారా?”

“మొద్దు మీదే. నిబంధన ఎవరికైనా ఒకటే.”

“చిత్తం,” అంది గద్ద.

పట్టాభి తోక నిటారుగా ఎత్తాడు. గద్ద ఆయన చెప్పిన చోట, చెప్పినట్టే దిగింది. గోళ్లు వీపులో దిగాక గానీ పట్టాభికి వచ్చిందెవరో తలకెక్కలేదు. ఉడుం పట్టు కదా, మొద్దును వదల్లేదు. పుచ్చిన బెరడు మాత్రం మొద్దును వదిలేసి ఆయనతో పాటే పైకి లేచింది. చెరువు దాటేదాకా ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది.

“ఆగు! పైకి లేవడానికి నువ్వు అనుమతి తీసుకోలేదు!”

మంగతాయికి జాలి వేసింది గానీ, గూడు చేరేవరకు కూడా అది నిలవలేదు. ఉన్న చేపల్లో మొదటిది చిన్నపిల్ల నోట్లో పెట్టింది.

“అత్తా, ఇప్పుడు నేను దిగాలంటే ఎవర్నడగాలి?” పైనుంచి అరిచాడు చిట్టెయ్య.

“ముందు నీ కళ్లనడగరా. రేపు ఎగరడం తెలిసినవాళ్లెవరినైనా కూర్చోబెడదాం.”

వచ్చేదెవరో చూడకుండా వచ్చే పద్ధతి మాత్రమే చూసేవాడి నెత్తిన, ముప్పు కూడా పద్ధతి ప్రకారమే దిగుతుంది.