నెగడు దరువు

ఓదేలును ఎవరేది అడిగినా ముందు డప్పు కాపేవాడు. అడిగినవాడు గుమ్మం దగ్గర నిలబడి ఉండగానే పొయ్యిలోంచి రెండు కట్టెలు లాగి, నాలుగు ఎండుటాకులు పడేసి, మంట లేచాక డప్పు తోలును దానికి కాస్త ఎడంగా పట్టి మెల్లగా తిప్పేవాడు. మధ్యమధ్య వేలితో మీటి వినేవాడు. తోలు బిగిసి కణకణమనేదాకా జవాబు రాదు. ఓపిక లేనివాళ్ళు ఈలోగా లేచిపోయేవారు. "అసుంటోళ్లకు జవాబుతోని పనేమున్నది?" అని నవ్వేవాడు. గుండ్లవాగు డప్పోళ్ళందరికీ ఆయనే గురువు. నేను డప్పు పట్టినవాణ్ణి కాను, వినడానికి పోయేవాణ్ణి. అందుకే చాలా జవాబులు నా చెవిన పడ్డాయి. ఈ ఒక్కటి పడకుండా ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఆ రోజు అడగవచ్చినవాడు రాజలింగు. పగలు ఇళ్ళకు సున్నాలు వేస్తాడు, సందెవేళ డప్పు పడతాడు. ఓదేలు చేతులు వణకడం మొదలైనప్పటినుంచి జట్టును నడిపిస్తున్నది అతనే. తలవాకిట్లో గొంతుకూర్చుని, మంట లేచేదాకా ఆగి అడిగాడు.

"పెద్దబాపూ, నెగడు దరువు మళ్ల కొట్టొచ్చా?"

ఆ ప్రశ్న ఎంత పెద్దదో చెప్పాలంటే ఆ ఊరి పద్ధతి చెప్పాలి. గుండ్లవాగు పోచమ్మ జాతరలో చుట్టుపక్కల ఊళ్ళ డప్పు జట్లన్నీ తలా ఒక ఆట ఆడతాయి. జనం ఏ జట్టును మెచ్చితే అది అమ్మవారి ముందు నడుస్తుంది. ఒకసారి జాతరలో ఆడిన ఆటను మళ్ళీ జాతరలో ఆడకూడదని కట్టుబాటు. అది అమ్మకు ఇచ్చేసినట్టే. నైవేద్యం పెట్టిన ముద్దను తిరిగి కుండలో వేసుకుంటామా అనేవారు పాతవాళ్ళు. అందువల్ల ఏటేటా కొత్త ఆట కట్టేవారు, దానికోసం ఏడాది పొడుగునా కొట్లాడుకునేవారు.

నెగడు దరువు మాత్రం ఎవరూ కట్టిన ఆట కాదు. చాలా ఏళ్ళ కిందటి మాట. జాతరనాడు ముసురు పట్టింది. చెమ్మ తగిలితే తోలు సాగుతుంది, సాగిన డప్పు చేటను కొట్టినట్టు చప్పుడు చేస్తుంది. ఆట సగంలో ఒక్కొక్క డప్పే చల్లబడిపోతుంటే, ఓదేలు దరువు ఆపకుండానే కంటితో సైగ చేసి ఒక వరుసను పక్కనున్న నెగడు మంట దగ్గరకు పంపాడు. మిగిలిన వరుస కింద కూర్చుని, ఎడమచేతి సన్నపుల్లతోనే, ఊపిరి బిగబట్టినట్టు కొట్టింది. వెళ్ళినవాళ్ళు డప్పులు కాపుకుని తిరిగివచ్చారు, వీళ్ళు వెళ్ళారు. చివరకు కాగిన డప్పులన్నీ ఒక్కసారిగా కలిశాయి. కలిసినప్పుడు వాన కూడా ఆగిందని చెప్పుకునేవారు. వాన ఆగిందో లేదో నేను చెప్పలేను కానీ, నా ఒళ్ళు జలదరించిన మాట నిజం. చచ్చిపోతున్న డప్పులను బతికించుకున్నారు, అంతే జరిగింది. జనం దానికి పేరు పెట్టారు, తరవాత పాతబడేకొద్దీ పెంచుకున్నారు. ఆ ఆట చూడనివాళ్ళే దాన్ని మరీ పొగిడేవారు. చచ్చినవాని కండ్లు చారెడని ఊరికే అనలేదు.

ఆనాడు ఎదురు వరుసకు ముందు నిలిచినవాడు సాంబయ్య. ఓదేలు వేసిన దరువుకు బదులు చెప్పగలిగిన చెయ్యి ఊరంతటికీ అదొక్కటే. సాంబయ్య పోయాడు. ఒకరి వెనక ఒకరుగా ఆ రెండు వరుసలూ పోయాయి. మిగిలింది ఓదేలు, ఆయన తోలుడప్పు.

ఓదేలు డప్పు తిప్పుతూనే అడిగాడు. "కొత్తది కట్టరాదుర?"

"కడితె సూసెటోడెవడే? పోయినేడు కడితిమి, ఆ ముందటేడు కడితిమి. మేము కొడుతుంటే జనం ఫోన్లు సూసుకుంట కూసున్నరు. కమిటీవోళ్ళు మొఖం మీదనే అన్నరు. ఈసారి గూడ జనం నిలవకుంటే వచ్చేటేడు అమ్మ ముందట డీజే పెట్టెలేనట. నెగడు దరువు అంటే మాత్రం ఇప్పటికి గూడ ఆగి అడుగుతరు. అదొక్కటే మిగిలింది పెద్దబాపూ. అది గూడ వద్దంటే మా పోరగాళ్ళు డప్పులు అటక మీద పడేసి పట్నం పోతరు. నేను ఆపలేను."

కొత్త ఒక వింత, పాత ఒక రోత అనేవారు మా పెద్దలు. ఈ కాలంలో కొత్తా రోతే, పాతా రోతే, నడుమ ఉన్నవాడికి నిలబడే చోటు లేదు. ఆ మనిషిని చూస్తే జాలేసింది. అయినా ఓదేలు వద్దంటాడనే నేననుకున్నాను. కట్టుబాటు మీద ఆయనకున్న పట్టు నాకు తెలుసు.

తోలు బిగిసింది. ఓదేలు ఒక్క దెబ్బ వేసి విన్నాడు.

"కొట్టుండ్రి," అన్నాడు. "నేను గూడ ఒస్త."

అప్పుడు ఆయన ముఖంలో ఆశ కనిపించింది. సాంబయ్య వరుస మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడుతుందని అనుకున్నాడేమో, నాకు తెలియదు. ముసలితనంలో ఆశ పుట్టడం మంచిది కాదని నాకు ఆ రోజే అనిపించింది.

సాధకం మొదలైంది. రాజలింగు జట్టులో ఇప్పుడు ఒక్క తోలుడప్పు లేదు. తోలు పదునుచేసే చెయ్యి ఊళ్ళో లేదు, అందరివీ ప్లాస్టిక్ మూత డప్పులు. వానకు సాగవు, ఎండకు బిగుసుకోవు, ఎప్పుడు కొట్టినా ఒకటే మోత. వాటిని కాపే పనిలేదు, కాపితే కరిగిపోతాయి. పైగా జాతర పందిరి కింద నిప్పు పెట్టరాదని కమిటీ ముందే చెప్పింది. రాజలింగు తెలివైనవాడు, టెంటుహౌసు నుంచి గుడ్డనెగడు తెచ్చాడు. కింద చిన్న పంకా, ఎర్రబల్బు, పైన పసుపుపచ్చ పేలికలు. స్విచ్చి వేస్తే పేలికలు లేచి అచ్చం మంటలాగే ఆడతాయి. కుర్రవాళ్ళు వరుసగా వెళ్ళి డప్పులను దాని ముందు తిప్పి, వయ్యారంగా వెనక్కి నడిచి వస్తున్నారు. చూడముచ్చటగానే ఉంది.

ఓదేలు చాలాసేపు చూశాడు.

"మీ డప్పులకు మంటెందుకురా?"

"ఆటల ఉన్నది గద పెద్దబాపూ," అన్నాడు రాజలింగు.

అలవాటుకొద్దీ ఓదేలు చెయ్యి కట్టెల కోసం పక్కకు తడిమింది. అక్కడ సిమెంటు గచ్చు తప్ప ఏమీ లేదు.

జాతరనాడు మళ్ళీ ముసురే. ఓదేలు ఇంటిదగ్గర డప్పును బాగా కాపి, పాత గొంగడిలో చుట్టుకుని బయలుదేరాడు. పందిరి చేరేసరికే తోలు సగం చల్లబడింది. వంతు వచ్చేసరికి మొత్తం సాగిపోయింది. పందిరి నిండా జనం. నెగడు దరువని మైకులో చెప్పగానే వెనక ఉన్నవాళ్ళు కుర్చీలెక్కారు. కట్టుబాటు మాట ఎవరూ ఎత్తలేదు. కమిటీవాళ్ళు కూడా మాటలాపి ఇటు తిరిగారు. రాజలింగు ఒకసారి అమ్మవారి వైపు చూసి దండం పెట్టి మొదలుపెట్టాడు.

అబద్ధం చెప్పను, కుర్రవాళ్ళు బాగా కొట్టారు. ఒక్క దెబ్బ తప్పలేదు. మొదటి వరుస గుడ్డనెగడు దగ్గరకు వెళ్ళింది. ఆ వరుసకు చివర ఓదేలు. అందరూ డప్పులను పేలికల ముందు ఒక తిప్పు తిప్పి వెనక్కి వచ్చేశారు. ఓదేలు రాలేదు. గొంతుకూర్చుని, తన డప్పును ఆ గుడ్డమంటకు పట్టి, ఇంట్లో తిప్పినట్టే మెల్లగా తిప్పుతున్నాడు. వేలితో మీటాడు, చెవి ఆనించి విన్నాడు. మళ్ళీ తిప్పాడు. రెండో వరుస వచ్చింది, ఆయన పక్కనుంచే డప్పులు చూపించి వెళ్ళిపోయింది. ఆయన మరింత దగ్గరకు జరిగాడు. ఎగిరే పేలికలు ముఖానికి తగులుతున్నాయి.

అది చూసి జనం ఊగిపోయారు. ఈలలు, చప్పట్లు. "ముసలాయన ఏం జేస్తున్నడు రా, అచ్చం నిజమే అన్నట్టు!" అని నా వెనక ఎవరో అన్నారు. ఆ చప్పట్లంటే నాకు ఇప్పటికీ అసహ్యం. పందిరి సందుల్లోంచి వాన జల్లు పడుతుంటే చచ్చిన డప్పును పట్టుకుని ఒక మనిషి సెగ కోసం చూస్తున్నాడని ఆ పందిరిలో నాకు కాక తెలిసింది ఒక్క రాజలింగుకే. అతను దరువు వేస్తూనే కంటితో సైగ చేశాడు, ఆనాడు ఓదేలు చేసినట్టే. రమ్మని. ఓదేలు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ డప్పు తిప్పడంలో పడ్డాడు.

దరువు ఆపితే జట్టు పోతుంది. రాజలింగు ఆపలేదు. అతని చెంపలమీద నీళ్ళు కారుతుంటే జనం వాన అనుకుని ఉంటారు.

కలిసే చోటు వచ్చింది. రెండు వరుసలూ ఒక్కసారిగా లేచాయి. ఓదేలు కూడా లేచాడు. కుడిచేతి సిర్రపుల్ల ఎత్తి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. ఆ దెబ్బ నాకు వినబడలేదు, పక్కనే ఉన్న కుర్రవాడికీ వినబడి ఉండదు. ప్లాస్టిక్ మోతలో అది ఎక్కడ కలిసిందో, అసలు పుట్టిందో లేదో. ఆయన చేతిలో డప్పును ఒకసారి చూసుకుని మళ్ళీ గుడ్డమంట ముందు కూర్చున్నాడు.

గుండ్లవాగు జట్టే అమ్మవారి ముందు నడవాలని అక్కడికక్కడే తేలిపోయింది. కమిటీ పెద్ద మైకు అందుకున్నాడు. "డీజే మాట ఇంక లేదు! ఏటేటా ఇదే ఆట, ఇట్లనే ఆడాలె. ఆ ముసలాయన నటన మాత్రం తీసేయొద్దు!" అన్నాడు. కుర్రవాళ్ళు ఎగిరి గంతులేశారు. ఒకరినొకరు ఎత్తుకున్నారు. రాజలింగు అడిగింది అడిగినట్టు దొరికింది. వాళ్ళను చూసి నేను సంతోషించాలనుకున్నాను, చేతకాలేదు.

ఊరేగింపు కదలబోతుండగా టెంటుహౌసు మనిషి వచ్చి సామాను సర్దడం మొదలుపెట్టాడు. పంకా స్విచ్చి ఆపాడు. పేలికలు సర్రున కిందపడి తడి గచ్చు మీద అంటుకుపోయాయి. ఎర్రబల్బు కూడా ఆరిపోయింది. ఓదేలు మాత్రం డప్పును అలాగే పట్టుకుని తిప్పుతున్నాడు.

రాజలింగు పరుగున వచ్చి ఎదుట కూర్చున్నాడు. గురువు మోకాళ్ళు పట్టుకున్నాడు.

"పెద్దబాపూ, తప్పు జేసినమా? జెప్పు. నువ్వు వద్దంటే వచ్చేటేడు కొట్టం. ఒక్క మాట జెప్పే."

ఓదేలు డప్పు తిప్పి, వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తరవాత శిష్యుడి అరచేతిని పట్టుకుని చల్లటి తోలు మీద ఆనించాడు. రాజలింగు చెయ్యి వెనక్కి తీసుకోబోతే తీసుకోనివ్వలేదు. అవతల ఊరేగింపుకు అమ్మవారు లేచింది, జట్టు అతని పేరు పెట్టి పిలుస్తోంది.

"నువ్వు నడువు, నిన్ను పిలుస్తున్నరు," అన్నాడు ఓదేలు. "నా డప్పు ఇంకా కాగలేదు బిడ్డా."