పువ్వు ఆకు

ప్లవ నామ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ పంచమి, గురువారం, పొద్దెక్కి ఒక జామయింది. కోటపనుల అధికారి దండపాణి మీసం దువ్వుకుంటూ వడ్రంగి చిదంబరయ్య పాకలోకి వచ్చాడు.

కొత్త కోట నమూనాలన్నీ చిదంబరయ్య దగ్గర తాటాకుల మీద, ఒక్కో వస్తువుకు ఒక్కో ఆకు చొప్పున ఉండేవి. తలుపు ఆకులో "గడియకు గడియ ఆకు చూడు" అనీ, గడియ ఆకులో "పువ్వుకు పువ్వు ఆకు చూడు" అనీ రాసి ఉండేది. పువ్వు ఆకు ఒక్కటి మారితే చాలు, కోటంతా మారిపోయేది.

"ఏమోయ్, ఆ పువ్వు తీసేసి నా ముఖం గియ్యి. గియ్యకపోతే రేపట్నించి నీకిక్కడ పని లేదు," అన్నాడు దండపాణి.

ఇంట్లో ఆరుగురి అన్నం ఆ పనిమీదే ఆధారపడి ఉంది. చిదంబరయ్య విశ్వకర్మను తలచుకుని గంటం తీశాడు.

"చిత్తం దొరా. అయితే ఈ ఆకు తలుపులకొక్కటే కాదు. కాళ్లు కడుక్కునే పీటకీ ఇదే, గుర్రాల మూత్రం పోయే చెక్క తూముకీ ఇదే. తూము మూతి దగ్గర తమరి నోరు ఎంత తెరిచి ఉంచమంటారు?"

దండపాణి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. "సింహద్వారానికొక్కదానికే చెక్కు!"

"దానికి వేరే ఆకు కావాలి దొరా, దానిమీద మహారాజుగారి ముద్ర పడాలి. తమరే అడిగి తెస్తారా?"

"పువ్వే బాగుందిలే," అంటూ దండపాణి గడప దాటాడు.

నిజానికి ఆ తూముకు పువ్వే లేదు. ఆడిన మాట అబద్ధంగా మిగిలిపోకూడదని, మర్నాడు పొద్దున్నే చిదంబరయ్య ఇంటిల్లిపాదీ స్నానాలు చేసి, దేవుడికి దీపం పెట్టి, గుర్రాలశాలకు వెళ్లి తూముకు పువ్వు చెక్కి వచ్చారు.