బయలుదేరిన ఆవకాయ

"అంతా తయారుగానే వచ్చింది కద సార్, ఇందులో నాది అని ఏం చూపించను?" అని ఝాన్సీ కోదండపాణి మాస్టారిని అడిగింది.

ఆమె పాలిటెక్నిక్ చివరి ఏడాది చదువుతోంది. ప్రాజెక్టుగా ఆన్‌లైన్ కొట్టు ఎంచుకుంది. విద్యార్థులు మొదలుపెట్టుకోవడానికని నెట్‌లో ఊరికే దొరికే నమూనా కొట్టొకటి దించుకుంది. సరుకులు, బుట్ట, ఆర్డరు అన్నీ అందులోనే ఉన్నాయి. అందులో ఉన్న బూట్ల బొమ్మలు తీసేసి ఊరగాయల బొమ్మలు పెట్టింది, పైన తన పేరు రాసింది, ఇంగ్లీషు మాటలన్నిటినీ ఒక్క దెబ్బకు కంప్యూటరు చేతనే తెలుగులోకి మార్పించింది. పెళ్లికూతురికి చీర మార్చినంత సులువుగా పని అయిపోయింది. కానీ మర్నాడు బయటి కాలేజీ నుంచి పరీక్ష చేసే ఆయన వస్తాడు. "ఇందులో నువ్వు చేసిందేమిటి?" అన్నదే ఆయన మొదటి ప్రశ్నట. జవాబు లేకపోతే ప్రాజెక్టు పోయినట్టే, దాంతో డిప్లొమా ఆగినట్టే. పిల్ల నిజంగానే భయపడింది.

మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరి ప్రాజెక్టయినా సరే, లోపలి ప్రోగ్రాము రాతలు చూపించమనరు, కొనడానికి వచ్చిన మనిషిలా కూర్చుంటారు. ఆ రోజూ అడిగినదానికి బదులు చెప్పకుండా ఆవకాయ బొమ్మ మీద నొక్కి ఆర్డరు పెట్టారు. "ధన్యవాదాలు. మీ సరుకు బయలుదేరింది. కాసేపట్లో మీ చేతికి అందుతుంది" అని తెర మీద వచ్చింది. ఇంతలో భోజనాల గంట కొట్టారు. మాస్టారు మజ్జిగన్నం డబ్బా ముందు పెట్టుకుని, మూత తీయకుండా గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు.

"తినండి సార్."

"ఆవకాయ రానీ అమ్మా."

ఝాన్సీ నవ్వింది. "అది ఉత్తుత్తి కొట్టు సార్. ఎవరూ తేరు."

"బయలుదేరిందని చెప్పారుగా?"

మిగతా పిల్లలు తినేసి డబ్బాలు కడుక్కుని వచ్చారు. మాస్టారు మాత్రం కదల్లేదు. ఆయనకు షుగరుందని, వేళకు తినాలని కాలేజీ మొత్తానికీ తెలుసు. ఝాన్సీకి నవ్వు పోయి ఏడుపొచ్చినంత పనైంది. "నా డబ్బాలో ఆవకాయ ఉంది సార్, వేస్తాను" అంది.

"నేను నిన్ను అడగలేదమ్మా, కొట్టునడిగాను."

అప్పుడు ఝాన్సీకి తట్టింది. తెలుగు చేయించిందే గానీ ఆ మాటల్ని తాను ఒక్కసారీ చదవలేదు. కంప్యూటరు ముందు కూర్చుని, దించుకున్న నాటి నుంచి తెరవని ఫైళ్లన్నీ తెరిచి వెతికింది. ఆ వాక్యం దొరికింది. దాన్ని చెరిపేసి వేరేది రాసి, "మళ్లీ ఒక్కసారి కొనండి సార్" అని బతిమాలింది.

మాస్టారు మళ్లీ నొక్కారు. "ఇది చదువు కోసం కట్టిన కొట్టు. ఇక్కడ కొన్నది రాదు. దయచేసి ఎదురుచూడకండి, అన్నం తినేయండి. ఇట్లు, ఝాన్సీ" అని వచ్చింది.

ఆయన రెండుసార్లు చదువుకుని, డబ్బా మూత తీసి, ఏమీ నంజుకోకుండానే తినడం మొదలుపెట్టారు. ఝాన్సీ పక్కనే నిలబడింది.

"మరి రేపు ఆయన అడిగితే ఏం చెప్పను సార్?"

మాస్టారు ముద్ద మింగి అన్నారు: "ఇందాకా కొట్టు తెరిచి ఉంది గానీ లోపల ఎవరూ లేరు. ఇప్పుడెవరో పలికారు."