కొక్కయ్య చెప్పిన పథ్యం

పొద్దున పచ్చిగడ్డి, మాపున ఎండుగడ్డి,
నమిలిన పంటికి నమిలినంత బలం...
ఆ తర్వాత ఏదో ఉంది...
కుయ్ కుయ్ కుయ్.

ఆ మూడో పాదం కుంకుడమ్మకి ఎంతకీ గుర్తు రాదు. పసితనంలో వాళ్ళమ్మ పొట్ట కిందకి దూరి విన్న పాట. మంచి మాటే, ఎక్కడో జారిపోయింది. ముందర గడ్డి నిండుగా ఉంటే పాటలో ఓ ముక్క లేకపోయినా పెద్ద లోటేమీ కాదని, వచ్చినంత వరకే పాడుకునేది.

కుంకుడమ్మ గినీ పిగ్. కుంకుడుకాయ రంగు, ఇంచుమించు అదే గుండ్రం. సుభాషిణి గారి పెరట్లో, జామచెట్టు కింద ఇనప వల గూట్లో, మనవరాలు గసాలుతో ఉంటోంది. గసాలు తెల్లటిది, ఒంటినిండా నల్ల చుక్కలు. పొద్దున్నే గూటి నిండా గడ్డి పడేది. దాని మీద నాలుగు కొత్తిమీర కాడలు, ఓ క్యాప్సికం ముక్క. ఎప్పుడైనా ముచ్చటకి చిన్న యాపిల్ ముక్క, అదీ గింజ తీసేసి. లోపల ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, అమ్మమ్మా మనవరాలూ గొంతెత్తి కుయ్ కుయ్‌మనేవాళ్ళు. "వస్తున్నానర్రా, ప్రాణం పోతున్నట్టు ఆ గోలేమిటి" అని విసుక్కుంటూనే పరుగెత్తుకొచ్చేది సుభాషిణి.

ఇంత సుఖం చూసి ఎవరికైనా జాలి వేస్తుంది కదా. కొక్కయ్యకి వేసింది.

కొక్కయ్య పందికొక్కు. దీపాలు పెట్టే వేళ మురుగు తూములోంచి వచ్చి, వల కింద మట్టి తవ్వి, గూట్లోకి తేలి, మీసాలు తుడుచుకుని తాను డాక్టరునన్నాడు. ఎక్కడ చదివారని కుంకుడమ్మ అడగలేదు, అంతటివాణ్ణి అడిగితే ఏం బావుంటుంది. అయినా ఆయనే చెప్పాడు, పుట్టిందీ పెరిగిందీ పెద్దాస్పత్రి వెనక తూములోనట. ఇంకేం కావాలి.

"అక్కయ్యగారూ, మీ మూతీ నా మూతీ చూడండి, ఒకటే వంశం. అందుకే కడుపులో మాట చెబుతున్నాను. గడ్డి తినేది పశువులు."

"మేం పశువులం కాదూ?" అంది కుంకుడమ్మ ఆశ్చర్యపోయి.

"అలా అనుకోబట్టే ఇలా ఉండిపోయారు."

ఆ మాట కుంకుడమ్మకి గుచ్చుకుంది. ఆయన చెప్పిన పథ్యం ఇదీ: గడ్డి ముట్టకూడదు. ముట్టకపోతే ఆవిడే కంగారుపడి బిస్కెట్లూ, బ్రెడ్డూ, చేగోడీలూ పెడుతుంది. బలమంతా వాటిల్లోనే ఉంది. కాకపోతే బలం ఎక్కువైతే ప్రమాదం కనక, ముందు తాను తిని, ఎంత ప్రమాదమో తేల్చి, మిగిలింది ఇస్తాడు. ఆఖరుగా ఇంకొకటి, ఆ కుయ్ కుయ్ మానెయ్యాలి. తిండి కోసం అరవడం అలగా వాళ్ళ పని, పెద్దింటివాళ్ళు ఆకలిని కూడా మర్యాదగా ఓర్చుకుంటారు.

సుభాషిణిది మెత్తటి మనసు. గడ్డి ముట్టడం లేదని చూసి, పాపం నోరు చేదైనట్టుందని అచ్చం కొక్కయ్య చెప్పినట్టే బిస్కెట్లు పెట్టింది, చేగోడీలు పెట్టింది, ఇంటికి చుట్టాలొచ్చిన రోజున మైసూర్‌పాక్ కూడా పెట్టింది. ముట్టని గడ్డి గోడవతల పారేసేది. గోడవతల మేక ఆ పశువుల తిండిని ఏ సిగ్గూ లేకుండా తిని నిగనిగలాడుతోంది. కొక్కయ్య మాత్రం ప్రమాదాన్నంతా తన పొట్ట మీదే వేసుకున్నాడు. చేగోడీలు ఎక్కువ ప్రమాదమని తేలింది, అవి మిగిలేవి కావు. బిస్కెట్ అంచులు క్షేమమని తేలింది.

ఆ అంచులు తినీ తినీ గసాలు మూలకి చేరింది. పొట్ట ఉబ్బింది. నమిలి అరగదీసుకోవడానికి గడ్డి లేక, రోజూ పెరిగే ముందు పళ్ళు పొడుగై, కొత్తిమీర కాడ ఇచ్చినా నోట్లోంచి జారిపోయేది. తర్వాత అసలు తినడమే మానేసింది.

కుంకుడమ్మ కొక్కయ్యని బతిమాలుకుంది. పిల్ల లేవడం లేదు, ఏమైనా చెయ్యండి డాక్టరుగారూ అంది.

ఆయన గసాలు వైపు చూడకుండానే చూసి, "హుందాతనం వంటబడుతోందండీ, కంగారు పడకండి" అని, మూతికి అంటిన మైసూర్‌పాక్ నాక్కుంటూ వెళ్ళిపోయాడు.

కుంకుడమ్మ మనవరాలికి ఒళ్ళు ఆనించి కూర్చుంది. సత్తువ లేని ఆ చిన్న ఒంటిని తడుముతూ ఏం చెయ్యాలో తెలియక, అలవాటైన పాటే అందుకుంది. పచ్చిగడ్డి, ఎండుగడ్డి, నమిలినంత బలం... ఇన్నేళ్ళుగా రాని పాదం అప్పుడొచ్చింది.

*ఆకలైనా ఆపదైనా నోరు మూసుకోకే తల్లీ.*

ఓహో, అనుకుంది కుంకుడమ్మ. డాక్టరుగారు గడ్డి ఒక్కటే మాన్పించలేదన్నమాట.

మర్నాడు దీపాల వేళకి కొక్కయ్య రాగానే మర్యాదగా ఎదురెళ్ళింది. ఇవాళ బిస్కెట్ పొట్లం పొట్లంగానే పడేసి వెళ్ళిందండీ, ఎంత ప్రమాదం ఉందో ఏమిటో, అడుగుదాకా చూస్తే గాని తెలియదేమో అంది. కొక్కయ్య తల దూర్చాడు. భుజాలు దూర్చాడు. తోక ఒక్కటే బయట మిగిలాక, కుంకుడమ్మ నెమ్మదిగా వెళ్ళి ఆయన తవ్విన బొక్క మీద కూర్చుంది. దేవుడిచ్చిన గుండ్రం, బొక్కకి కొలిచి చేసిన మూతలా సరిపోయింది.

"కుయ్! కుయ్! కుయ్!"

పొట్లంలోంచి గొంతు వినపడింది. "అక్కయ్యగారూ, ఏమిటీ అలగా పని?"

"పశువులం కదా తమ్ముడూ, అలవాటు పోలేదు" అంది కుంకుడమ్మ. ఇంకా గట్టిగా కూసింది.

చాలా రోజులకి ఆ కూత విని సుభాషిణి చీపురు చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. గూట్లో పొట్లం ఒకటి తోకేసుకుని తిరుగుతోంది. తలుపు తీసి, ఆవిడ కూడా కొంత వైద్యం చేసింది. కొక్కయ్య మీసం ఒకటి చీపురుకే వదిలేసి తూములో పడ్డాడు. అప్పుడు కనపడింది ఆవిడకి మూలనున్న గసాలు. చెంగులో చుట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగు తీసింది. ఈయన తూములో చదివినవాడు కాదు కాబట్టి పళ్ళు అరగదీసి, మందు వేసి, గడ్డి ఎప్పుడూ గూట్లో ఉండాలని చెప్పి పంపాడు.

వల కింద బొక్క సిమెంటుతో పూడిపోయింది. తూముకి ఇనప జల్లెడ పడింది. గసాలు మళ్ళీ గడ్డి నములుతోంది, నోరు ఖాళీ అయినప్పుడల్లా పాట పాడుతోంది, నాలుగు పాదాలూ.

"నీ కంచంలోది తక్కువ తిండి అని ఎవరైనా చెబితే, ముందు వాళ్ళ మూతి చూడవే, ఏం అంటుకుందో" అని దానికి నేర్పింది కుంకుడమ్మ.

ఆ సాయంత్రమే తూము జల్లెడ వెనక మీసం తక్కువైన మూతి ఒకటి కనపడింది. ఉట్టి బిస్కెట్లు తిన్న పళ్ళు, కింది పెదవి దాటి వంకరగా దిగి ఉన్నాయి. ఏం కావాలన్నట్టు చూసింది కుంకుడమ్మ.

"అక్కయ్యగారూ, ఆ ఎండుగడ్డి ఓ పోచ ఇటు పడేద్దురూ... ఎంత ప్రమాదమో చూసి చెబుతాను."